అండర్‌బైట్: కింది పళ్లు తీసి క్లిప్పులు వేస్తే సరిపోతుందా, దవడ ఆపరేషన్ తప్పదా?

ఓరుగల్లు19

అందరికీ నమస్తే. నాకు 19 ఏళ్లు, హన్మకొండలో బీటెక్ రెండో సంవత్సరం. నోరు మూస్తే నా కింది ముందు పళ్లు పై పళ్లకు బయటగా వస్తాయి. చిన్నప్పుడు కొంచెమే ఉండేది. తొమ్మిది, పది తరగతుల్లో ఒక్కసారిగా పొడుగు పెరిగాను, అప్పుడే కింది దవడ కూడా బాగా ముందుకు వచ్చింది. మా తాతకు, మా పెద్ద మేనత్తకు కూడా ఇదే దవడ.

ముందు పళ్లతో ఏదీ కొరకలేను. దోసె అయినా చపాతీ అయినా చేత్తో తుంచి పక్క పళ్ల దగ్గర పెట్టుకుంటాను. సకినాలు విరిచి తినాల్సిందే. సెమినార్‌లో మాట్లాడేటప్పుడు ‘స’, ‘ఫ’ సరిగ్గా పలకవు, అందుకే స్టేజీ ఎక్కాలంటే టెన్షన్. ఫోటోలు ఎప్పుడూ ఎదురుగానే దిగుతాను, పక్క నుంచి ఎవరినీ తీయనివ్వను.

ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఒకాయన కింద రెండు పళ్లు తీసి క్లిప్పులు వేస్తే ఏడాదిన్నరలో అయిపోతుందన్నారు. ఇంకొకరు తేడా ఎముకలోనే ఉంది, క్లిప్పులు వేసి తర్వాత రెండు దవడలకూ ఆపరేషన్ చేయాలి, మొత్తం రెండున్నరేళ్లు పడుతుందన్నారు. ఆపరేషన్ మాటెత్తితే అమ్మ ఏడుస్తోంది. నాన్నేమో ‘తాత పోలిక వచ్చింది, దానికి కోత ఎందుకు’ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి.

ఆర్థో_పీజీ

తమ్ముడూ, నేను ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఆర్థోడాంటిక్స్ (పళ్ల వరుస సరిచేసే వైద్యం) ఎండీఎస్, అంటే పీజీ, చేస్తున్నాను. నోరు చూడకుండా నీకు ఏ చికిత్స కావాలో చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ నీ సమస్య ఏ రకమో తేల్చే పద్ధతి చెప్తాను. ఆ తేడా తెలిస్తే ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా ఎందుకు చెప్పారో నీకే అర్థమవుతుంది.

కింది పళ్లు పై పళ్లకు బయటగా పడడానికి కారణాలు మూడు రకాలు. కొందరికి ఎముకలు బాగానే ఉంటాయి, పై ముందు పళ్లు మాత్రమే లోపలికి వంగి మొలుస్తాయి. కొందరికి రెండు పళ్లు ముందే తగలడం వల్ల, నోరు పూర్తిగా మూయడానికి దవడను ముందుకు జరుపుకునే అలవాటు పడుతుంది. వీళ్ల దవడ కండరాలను వదులు చేయించి నెమ్మదిగా మూయిస్తే పై కింది ముందు పళ్లు అంచుకు అంచు తగులుతాయి. మూడోది ఎముక తేడా. ఇందులో అందరూ కింది దవడ పెద్దదైందనే అనుకుంటారు. కానీ చాలామందిలో పై దవడ వెనకబడి ఉంటుంది, లేదా రెండూ కలిసి ఉంటాయి. బుగ్గల మధ్య భాగం, ముక్కు పక్కలు పల్చగా కనిపించేది అందుకే.

దీన్ని తేల్చడానికి తల పక్క నుంచి తీసే ఎక్స్‌రే ఉంటుంది, సెఫలోగ్రామ్ అంటారు. అందులో ఎస్‌ఎన్‌ఏ అనే కోణం పై దవడ ఎక్కడుందో, ఎస్‌ఎన్‌బీ కింది దవడ ఎక్కడుందో చెబుతాయి. పుస్తకాల్లో మామూలు లెక్క 82, 80 డిగ్రీలు. రెంటి తేడాను ఏఎన్‌బీ అంటారు, అది 2 దగ్గర ఉండాలి. అండర్‌బైట్ ఎముకదైతే అది సున్నా కంటే కిందికి పోతుంది. ఒక్క అంకెను పట్టుకుని ఎవరూ నిర్ణయించరు, ముఖం, పళ్ల అచ్చులు, ఫోటోలు, కుటుంబ చరిత్ర అన్నీ కలిపి చూస్తారు.

నువ్వు మూడు సంగతులు చెప్పు. దవడ వెనక్కి లాగితే ముందు పళ్లు అంచుకు అంచు తగులుతాయా? రిపోర్టులో ఆ కోణాలు ఎంత ఉన్నాయి? కింది ముందు పళ్ల వాలు గురించి ఏమైనా రాశారా?

ఓరుగల్లు19

థ్యాంక్యూ అన్నా. ఎంత లాగినా అంచుకు అంచు రావడం లేదు. రిపోర్టులో ఎస్‌ఎన్‌ఏ 79, ఎస్‌ఎన్‌బీ 83, ఏఎన్‌బీ మైనస్ 4 అని ఉంది. కింది పళ్లు పై పళ్లకు 5 మి.మీ. ముందున్నాయట. ఐఎంపీఏ 80 అని రాశారు, అంటే ఏమిటో తెలియదు. మొదటి డాక్టరు గారు ఈ ఎక్స్‌రే తీయించలేదు, పళ్లు చూసి చెప్పారంతే. రెండో చోటే తీయించారు.

ఆర్థో_పీజీ

ఐఎంపీఏ అంటే కింది ముందు పళ్లు వాటి కింద ఉన్న దవడ ఎముకతో చేసే కోణం. సుమారు 90 ఉండాలి. నీది 80, అంటే పళ్లు ఇప్పటికే బాగా లోపలికి వాలి ఉన్నాయి. పై పళ్లు బయటికి వాలి ఉండొచ్చు, అది కూడా అడిగి చూడు. ఎముకల మధ్య దూరం పెరిగేకొద్దీ పెదవి, నాలుక ఒత్తిడికి పళ్లు ఒకదానివైపు ఒకటి వంగి ఆ దూరాన్ని కొంత పూడుస్తాయి. దీన్ని కాంపెన్సేషన్ అంటాం. అంటే నీ నోట్లో కనిపిస్తున్న 5 మి.మీ. అసలు తేడాలో కొంత భాగమే.

కింద రెండు పళ్లు తీసి మిగతావాటిని వెనక్కి లాగే పద్ధతిని కామోఫ్లాజ్ అంటారు. అది తప్పుడు వైద్యమేమీ కాదు, సరైన కేసులో చాలా మంచి వైద్యం. కానీ ఇప్పటికే లోపలికి వాలిన పళ్లను ఇంకా లోపలికి లాగితే వేళ్లు ఎముక బయటికి రావచ్చు, చిగుళ్లు దిగిపోవచ్చు. గడ్డం మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఒక్కోసారి పళ్లు లోపలికి వెళ్లాక ఇంకా ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఈ రెండు దారుల్లో పళ్లు కదిపే దిశలు వ్యతిరేకం. కామోఫ్లాజ్‌లో కింది పళ్లను లోపలికి లాగుతాం. ఆపరేషన్‌కు ముందు వాటిని బయటికి తెచ్చి నిటారుగా నిలబెడతాం. ఈరోజు పళ్లు తీయించుకుని, మూడేళ్ల తర్వాత ఆపరేషన్ చేయించుకుంటానంటే, మూసిన ఖాళీలను మళ్లీ తెరవాల్సి రావచ్చు. అందుకే దారి తేలకుండా ఒక్క పన్ను కూడా తీయించుకోకు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

తెనాలి_టీచర్

అందరూ ఆపరేషన్ అనగానే తమ్ముడు భయపడతాడేమో, అందుకని రాస్తున్నాను. నాది కూడా అండర్‌బైటే, కానీ 1 మి.మీ. లోపే. దవడ వెనక్కి తెస్తే అంచుకు అంచు తగిలేవి. మా ఆర్థోడాంటిస్ట్ గారు సెఫ్ (సెఫలోగ్రామ్) తీయించి, ఎముక తేడా తక్కువే, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లతో సరిపోతుందన్నారు. పై వరుసలో వెనకుండే నమిలే పన్ను నుంచి కింది కోరపన్ను దాకా రబ్బరు బ్యాండ్ పెట్టుకోవాలి, తినేటప్పుడు తప్ప రోజంతా. పళ్లేమీ తీయలేదు. పక్క నుంచి చూస్తే గడ్డం అప్పటిలాగే ఉంది, అది నాకెప్పుడూ ఇబ్బంది కాదు. జామకాయ కొరికి తింటున్నాను, క్లాసులో పాఠం చెప్తున్నాను. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

నీ అంకెలు చూస్తే నీది వేరే కేసనిపిస్తోంది తమ్ముడూ. కానీ ఇది చదివే మిగతావాళ్లు ‘అండర్‌బైట్ అంటే ఆపరేషనే’ అనుకోవద్దు.

రాజమండ్రి_అమ్మ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకు ఏడేళ్లు నిండాయి. పాలపళ్లు ఊడి కొత్తగా వచ్చిన పై ముందు పళ్లు కింది పళ్లకు లోపలగా పడుతున్నాయి. మా వారిది కూడా కొంచెం అలాంటి దవడే. దగ్గర్లో ఉన్న డెంటిస్టును అడిగితే ‘పద్దెనిమిదేళ్లు వచ్చాక చూద్దాం, ఇప్పుడేం చేయలేం’ అన్నారు. పైన తమ్ముడి కథ చదివాక గుండె దడదడలాడుతోంది. నిజంగా అప్పటిదాకా ఆగాల్సిందేనా?

ఆర్థో_పీజీ

ఆగొద్దమ్మా. ఈ నెలలోనే ఆర్థోడాంటిస్టుకు చూపించండి. ఈ సమస్యలో వయసే సగం వైద్యం.

పై దవడ చుట్టుపక్కల ఎముకలతో అతుక్కునే గీతలు ఈ వయసులో ఇంకా పూర్తిగా గట్టిపడవు. అప్పుడు ఫేస్‌మాస్క్ అనే పరికరంతో పై దవడనే ముందుకు లాగవచ్చు. నుదుటి మీద ఒక మెత్త, గడ్డం మీద ఒక మెత్త, మధ్యలో కమ్మీ ఉంటుంది. నోట్లో పై పళ్లకు బిగించిన పరికరం నుంచి ఆ కమ్మీకి రబ్బర్లు తగిలిస్తారు. అంగిలి ఇరుకుగా ఉంటే వెడల్పు చేసే స్క్రూ కూడా పెడతారు. రోజుకు 12 నుంచి 14 గంటలు పెట్టుకోవాలి. సాయంత్రం బడి నుంచి వచ్చాక పెట్టుకుని, పడుకుని లేచేదాకా ఉంచితే సరిపోతుంది. బడికి పెట్టుకుని వెళ్లక్కర్లేదు.

పదేళ్ల లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు కలిసి 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 73 మందితో ఒక అధ్యయనం చేశాయి. కొందరికి ఫేస్‌మాస్క్ పెట్టారు, మిగతావారికి పెట్టలేదు. ఆరేళ్ల తర్వాత నిపుణులు చూస్తే, పెట్టనివాళ్లలో 66 శాతం మందికి దవడ ఆపరేషన్ అవసరమనిపించింది, పెట్టినవాళ్లలో 36 శాతం మందికి. అది 2016లో అచ్చయింది. ఆపరేషన్ తప్పకుండా తప్పుతుందని నేను మాటివ్వలేను. కుటుంబంలో ఉంటే ఎదిగే వయసులో కింది దవడ మళ్లీ ముందుకు పోవచ్చు. కానీ అవకాశం దాదాపు సగానికి తగ్గడమంటే చిన్న విషయం కాదు కదా.

పదేళ్లు దాటిన పిల్లల తల్లిదండ్రులు చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. పదకొండు, పన్నెండేళ్లప్పుడు ఎముకలో చిన్న ప్లేట్లు బిగించి, వాటి నుంచి రబ్బర్లతో లాగే పద్ధతి కూడా ఉంది. అన్నిచోట్లా చేయరు, అడగండి.

రాజమండ్రి_అమ్మ

మీకు వెయ్యి దండాలు. శనివారానికి కాకినాడలో ఒక ఆర్థోడాంటిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మాస్క్ పెట్టుకోవడానికి పాప ఒప్పుకుంటుందా అన్నదే నా బెంగ.

కృష్ణలంక_కిరణం

అక్కా, మా అబ్బాయి ఎనిమిదేళ్లప్పుడు పెట్టుకున్నాడు. మొదటి వారం గొడవే. చర్మం మీద ఎర్రగా అయితే మెత్త కింద పల్చటి నూలు గుడ్డ పెట్టాం. టీవీ చూడాలంటే మాస్క్ ఉండాలని ఇంట్లో నియమం పెట్టాం, అంతే, అలవాటైపోయింది. అమ్మమ్మ వచ్చి ‘పసివాడికి ఈ కష్టమేంటి’ అన్నప్పుడు వాడే ‘రాత్రికే కదా అమ్మమ్మా’ అన్నాడు. ఎనిమిది నెలల్లో పై పళ్లు ముందుకొచ్చాయి. ఇప్పటికీ ఏడాదికోసారి చూపిస్తున్నాం, ఎదుగుదల ఆగేదాకా చూపించాలన్నారు.

బెంగళూరు_తెలుగు

ఓరుగల్లు తమ్ముడికి. నాకు పై దవడ, కింది దవడ రెండూ చేశారు, అప్పుడు నాకు 23 ఏళ్లు. వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చేయించుకునేముందు తెలుగులో ఇలా ఎవరైనా రాసి ఉంటే మా అమ్మకు చదివి వినిపించేవాణ్ణి.

ముందు క్లిప్పుల కాలం. అందరికీ క్లిప్పులు వేస్తే ముఖం బాగవుతుంది, మనకు ఆపరేషన్ దాకా ఇంకా పాడవుతుంది. పళ్లను నిటారుగా పెడతారు కాబట్టి లోపలున్న అసలు తేడా మొత్తం బయటపడుతుంది. ఏడాదికి పైగా అలాగే తిరగాలి. ఆ కాలంలోనే మా అక్క పెళ్లి జరిగింది. ఆల్బమ్‌లో నా ముఖం చూస్తే ఇప్పటికీ ఆ రోజుల బాధ గుర్తొస్తుంది. ఇది ముందే తెలిస్తే మనసు సిద్ధంగా ఉంటుంది. నీ కాలేజీ ప్లేస్‌మెంట్లు ఎప్పుడో చూసుకుని మొదలుపెట్టు.

ఆపరేషన్ పూర్తి మత్తులో జరుగుతుంది, ముక్కు నుంచి గొట్టం వేస్తారు. కోతలన్నీ నోటి లోపలే, బయట మచ్చ ఉండదు. లేచేసరికి నొప్పి కంటే ఇబ్బంది ఎక్కువ. ముక్కులు మూసుకుపోయి, గొంతు మండుతూ, నోరు రబ్బర్లతో కట్టేసి ఉంటుంది. నొప్పి నేను భయపడినంత లేదు, ఎందుకంటే బుగ్గలు, పెదవులు మొద్దుబారి ఉంటాయి. వాపు రెండు మూడు రోజులకు బాగా పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆ మూడు రోజులూ మా అమ్మను అద్దంలా నా ముందు కూర్చోబెట్టకండి అని నాన్నకు రాసి చూపించాను, ఆవిడ ముఖం చూస్తే నా ముఖం ఎలా ఉందో తెలిసిపోయేది.

తిండి. మొదట్లో సిరంజికి చిన్న ట్యూబు తగిలించి తాగించారు. రాగి జావ, పెసరకట్టు, వడకట్టిన పప్పునీళ్లు, పలచటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు. తర్వాత మిక్సీలో మెత్తగా కొట్టిన పెరుగన్నం, గుడ్డు సూప్. కారం పుండ్ల మీద మంట పుట్టిస్తుంది, ఆవకాయ సంగతి కొన్నాళ్లు మర్చిపో. ఆరు వారాల దాకా నమిలేది ఏదీ వద్దన్నారు. బరువు బాగా తగ్గాను, అందరూ తగ్గుతారట, అందుకే ముందు నుంచే ఒంట్లో కొంచెం బలం చేర్చుకోమన్నారు.

కింది పెదవి, గడ్డం దగ్గర స్పర్శ మెల్లగా వచ్చింది. ఎడమ వైపు పెదవి కింద రూపాయి బిళ్లంత చోటు ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంటుంది. తినడానికి, మాట్లాడడానికి అడ్డం లేదు. గడ్డం గీసుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త పడతాను. ఇది కూడా దాచకుండా చెప్పాలి కదా.

ఇంటికొచ్చాక మొదటిసారి దోసెను ముందు పళ్లతో కొరికాను. ఇన్నేళ్లూ అందరూ ఎంత సులువుగా తింటున్నారో అప్పుడు తెలిసింది.

ఓరుగల్లు19

అన్నా, మీరు రాసింది అమ్మకు మొత్తం చదివి వినిపించాను. మొదటిసారి ఏడవకుండా విన్నది. తర్వాత రెండే ప్రశ్నలు అడిగింది. ప్రాణానికి ప్రమాదమా? దవడ ఎముకను కోస్తే మళ్లీ గట్టిగా అతుక్కుంటుందా? ఎవరైనా సర్జన్ గారు ఉంటే చెప్పండి.

దవడ_సర్జన్

అమ్మగారి ప్రశ్నలు సరైనవే. నేను ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌ని, అంటే నోరు, దవడ, ముఖం ఆపరేషన్లు చేసే డాక్టరుని.

కింది దవడకు ఎక్కువగా చేసే ఆపరేషన్ పేరు బీఎస్‌ఎస్‌ఓ. దవడ పళ్ల వెనక భాగంలో రెండు వైపులా ఎముకను అడ్డంగా విరగ్గొట్టం, నిలువునా రెండు పొరలుగా చీలుస్తాం. పళ్లున్న భాగం వెనక్కి జరుగుతుంది, కీలు ఉన్న భాగం ఉన్నచోటే ఉంటుంది. రెండు పొరలూ వెడల్పుగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి అతుకు బాగా పడుతుంది. 1957లో ట్రౌనర్, ఒబ్వెగెసర్ అనే వైద్యులు ఈ పద్ధతిని ప్రపంచానికి వివరించారు, ఆ తర్వాత మెరుగులు దిద్దుకుంటూ వచ్చింది. పై దవడకు చేసేది లీఫోర్ట్ 1. పళ్ల వేళ్లకు పైన, ముక్కు అడుగున ఎముకను విడదీసి ముందుకు తెస్తాం. జరిపిన చోట టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగిస్తాం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎముక అతుకుతుంది. ప్లేట్లు ఇబ్బంది పెడితే తప్ప తీయం.

ప్రాణాపాయం ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలో చాలా చాలా అరుదు. అయినా ఇది పెద్ద ఆపరేషనే, చిన్న క్లినిక్కులో చేసేది కాదు. మత్తు డాక్టరు, ఐసీయూ, రక్తం అందుబాటు ఉన్న ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. మిగతా ఇబ్బందులు చెప్తాను. కింది దవడ ఎముక లోపల నుంచే పెదవికి స్పర్శనిచ్చే నరం వెళ్తుంది. చీల్చేటప్పుడు అది సాగుతుంది, అందుకే దాదాపు అందరికీ మొదట మొద్దుబారుతుంది. నెలల్లో చాలామందికి తిరిగి వస్తుంది, కొందరికి కొంత భాగం ఎప్పటికీ మిగిలిపోతుంది. ఇన్ఫెక్షన్, ఎముక అనుకున్నట్టు చీలకపోవడం, కొంత తేడా తిరిగి రావడం, ఇవన్నీ సంతకం పెట్టేముందు మీకు వివరించాలి. వివరించకుండా సంతకం అడిగితే మీరే ప్రశ్నించండి.

ఒక్క కింది దవడనే బాగా వెనక్కి నెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. నాలుక దవడతో పాటే వెనక్కి పోతుంది, గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. గురక, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. ఈ అబ్బాయిలా పై దవడ కూడా వెనకబడి ఉంటే కొంత పైది ముందుకు, కొంత కిందిది వెనక్కి జరపడమే మేలు. ముఖం పొందిక కూడా అలాగే కుదురుతుంది.

ఇంకొక మాట, ఎదుగుదల ఆగిందని తేలాకే చేస్తాం. ఆడపిల్లల్లో పదహారు, పదిహేడుకు ఆగవచ్చు. మగపిల్లల్లో కింది దవడ పద్దెనిమిది దాటాక కూడా పెరుగుతుంది, ఇరవై, ఇరవై ఒకటి దాకా చూడాల్సిన వాళ్లున్నారు. ఆరు నెలల నుంచి ఏడాది తేడాతో రెండు సెఫ్‌లు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తెలుస్తుంది. తొందరపడి ముందే చేస్తే కింది దవడ మళ్లీ ముందుకు పెరుగుతుంది.

నిజామాబాద్_నాన్న

డాక్టర్ గారూ, మా తమ్ముడికి ముప్పై ఎనిమిది. అంతకుముందు పళ్లు బాగానే కలిసేవి. ఈ నాలుగైదేళ్లలో కింది దవడ ముందుకు వస్తోంది, పళ్ల మధ్య సందులు పడుతున్నాయి. ఇది కూడా ఆపరేషనేనా?

దవడ_సర్జన్

మీ తమ్ముడిని ముందు ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించండి, పళ్ల డాక్టరు తర్వాత. ఉంగరం బిగుతవుతోందా, చెప్పుల సైజు పెరిగిందా, తలనొప్పి, గొంతు బొంగురుపోవడం ఉన్నాయా అని అడగండి. పెద్దయ్యాక దవడ పెరుగుతుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువై ఉండొచ్చు, అక్రోమెగలీ అంటారు. ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్షతో మొదలుపెడతారు. అది తేలకుండా దవడ జోలికి వెళ్లకూడదు. ఆలస్యం చేయకండి. గడ్డం ఒక పక్కకే వంకర పోతుంటే అది వేరు, దవడ కీలు ఒకవైపే పెరుగుతోందేమో స్కాన్ చేసి చూస్తారు.

సహజ_మార్గం

నాలుకను అంగిలికి ఆనించి ఉంచితే దవడ దానంతటదే సర్దుకుంటుందని చాలా వీడియోలు ఉన్నాయి. గడ్డాన్ని రోజూ చేత్తో వెనక్కి నొక్కమని కూడా చెప్తున్నారు. లక్షలు పోసి కోయించుకునేముందు ఇవి చేసి చూడొచ్చు కదా?

ఆర్థో_పీజీ

పెద్దవాళ్లలో ఎముక పొడవును నాలుక వ్యాయామం తగ్గించిన ఆధారం లేదండి. రోజూ గడ్డం నొక్కితే దవడ కీలు నొప్పి వస్తుంది తప్ప ఎముక వెనక్కి పోదు. మీరు మంచి ఉద్దేశంతోనే అడిగారు, కానీ ఏడేళ్ల పాపల తల్లులు ఇది చదువుతున్నారు. వీడియోలు నమ్మి రెండు మూడేళ్లు గడిపేస్తే ఫేస్‌మాస్క్ పనిచేసే వయసు దాటిపోతుంది. ఆ పోయిన కాలాన్ని మేమెవ్వరం తెచ్చివ్వలేం. ఇంటికి కొరియర్‌లో పంపే అలైనర్లు (పళ్లకు తొడిగే పారదర్శకమైన ట్రేలు) కూడా ఎముక తేడాకు పనికిరావు.

చరిత్ర_ప్రియ

ఓరుగల్లు తమ్ముడు తాత పోలిక అన్నాడు కాబట్టి రాస్తున్నాను. యూరప్‌ను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశంలో తరతరాలుగా ఈ దవడే. స్పెయిన్ రాజు రెండో చార్లెస్‌కు నమలడమే కష్టంగా ఉండేదట. ఆయన 1700లో వారసులు లేకుండా చనిపోయాడు. 2019లో స్పెయిన్ పరిశోధకులు ఆ వంశంలో 15 మందివి 66 చిత్రపటాలు తీసుకుని దవడ సర్జన్ల చేత పరీక్ష చేయించారు. దగ్గరి రక్తసంబంధ వివాహాలు ఎక్కువైన కొద్దీ దవడ ముందుకు రావడం ఎక్కువైనట్టు కనిపించిందని రాశారు. మన దగ్గర కూడా మేనరికాలు ఉన్నాయి కదా, వాటివల్లేనా?

దవడ_సర్జన్

చిన్న సంఖ్య మీద, పటాలు చూసి చేసిన పరిశోధన అది, దాన్ని తెచ్చి మన ఇళ్ల మీద తీర్పు చెప్పకూడదు. ఈ దవడ వంశంలో రావడం నిజం, మేనరికం లేని కుటుంబాల్లోనూ మామూలుగా వస్తుంది. ‘నీవల్లే బిడ్డకు ఇలా అయింది’ అని తల్లినో తండ్రినో అనుకునే ఇళ్లను రోజూ చూస్తుంటాను. దయచేసి అలా అనుకోకండి. కుటుంబంలో ఉందని తెలిస్తే పిల్లలకు ఏడేళ్లకల్లా ఒకసారి చూపించండి, ఆ సమాచారంతో చేయాల్సింది అదే.

క్లెయిమ్_డెస్క్

హైదరాబాద్‌లో ఆసుపత్రి ఇన్సూరెన్స్ విభాగంలో పనిచేస్తాను. ఖర్చు గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. కార్పొరేట్ ఆసుపత్రిలో రెండు దవడల ఆపరేషన్ లక్షల్లో ఉంటుంది, క్లిప్పుల ఖర్చు వేరే. ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ దగ్గరున్నదైనా, విజయవాడ, కడప కాలేజీలైనా, ఖర్చు చాలా తక్కువ. ఆర్థోడాంటిక్స్, సర్జరీ విభాగాలు రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. వరుస రావడానికి ఓపిక పట్టాలి.

పాలసీలో ‘ఎక్స్‌క్లూజన్ 08’ చూడండి. కాస్మెటిక్ సర్జరీకి డబ్బు ఇవ్వరని అన్ని కంపెనీల పాలసీల్లో ఒకే నంబరు కింద ఉంటుంది. క్లెయిమ్ తిరస్కరించేటప్పుడు ఎక్కువగా దాన్నే చూపిస్తారు. అందుకే డాక్టరు లెటర్‌లో ‘ముఖం అందం కోసం’ అనే అర్థం వచ్చే మాట ఉండకూడదు, నిజంగా ఉన్న ఇబ్బంది ఉండాలి. నమలలేకపోవడం, మాట స్పష్టంగా రాకపోవడం, పళ్లు అరగడం, కొలతలతో సహా. రోగనిర్ణయానికి ఐసీడీ-10 (జబ్బులకు ఇచ్చే అంతర్జాతీయ కోడ్‌ల జాబితా) కోడ్ కే07.0 లేదా కే07.1 రాస్తారు. ఇవన్నీ ఉన్నా ఒప్పుకుంటారని గ్యారంటీ లేదు. తేదీ ఖాయం చేసుకునేముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్‌లో ‘కవర్ అవుతుంది సార్’ అన్న మాట చివర్లో పనిచేయదు.

బర్మింగ్‌హామ్_వాసి

యూకేలో ఉన్న తెలుగువాళ్లకు. ఇక్కడ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్, పళ్ల చికిత్స ఎంత అవసరమో చెప్పే ఐఓటీఎన్ అనే గ్రేడింగ్ చూస్తుంది. కింది పళ్లు 3.5 మి.మీ. కంటే ముందుండి, నమలడంలోనో మాటలోనో ఇబ్బంది ఉందని చెబితే అది 5వ గ్రేడ్, అన్నిటికంటే పైది. మా పెద్దమ్మాయికి అలాగే క్లిప్పులు, ఆపరేషన్ రెండూ డబ్బు కట్టకుండా జరిగాయి. ఎదురుచూపు మాత్రం చాలా ఎక్కువ, అందుకే జీపీ (ఫ్యామిలీ డాక్టరు), డెంటిస్టు దగ్గర ముందే పేరు వేయించండి. ఇబ్బందిని అమ్మాయే స్వయంగా చెప్పాలి. మన పిల్లలు మొహమాటపడి ‘ఐ యామ్ ఫైన్’ అంటే అదే రాసుకుంటారు.

ఓరుగల్లు19

అందరికీ ఒక సమాచారం. నిన్న నాన్న, అమ్మ ఇద్దరూ నాతో పాటు హైదరాబాద్ వచ్చారు. ఆర్థోడాంటిస్టు, సర్జన్ ఒకేసారి కూర్చుని చూశారు. పై దవడ ముందుకు, కింది దవడ వెనక్కి, రెండూ చేయాల్సిందేనన్నారు. కానీ ఇప్పుడే కాదు. ఆరు నెలల తర్వాత ఇంకో సెఫ్ తీసి పాతదానితో పోల్చి, పెరుగుదల ఆగితేనే క్లిప్పులు మొదలుపెడతారట. నాన్న డాక్టరు గారిని చాలా ప్రశ్నలు అడిగారు. నాన్న ఒప్పుకున్నారని అనను, కానీ ‘పిల్లాడి నిర్ణయం’ అన్నారు.

కింది జ్ఞానదంతాలు రెండూ ఎముకలో అడ్డంగా ఉన్నాయి, అవి ముందే తీయాలన్నారు. పళ్లేవీ తీయించుకోవద్దని ఆర్థో అన్న ఇక్కడ గట్టిగా చెప్పారు కదా, అందుకే అమ్మ మళ్లీ అడగమంటోంది. ఇవి తీయించుకోవచ్చా?

దవడ_సర్జన్

తీయించుకో బాబూ. ఆర్థో వద్దన్నది కోరపళ్ల వెనకుండే ప్రీమోలార్లు, వరుసలో పనిచేసే పళ్లు. కింది జ్ఞానదంతం సరిగ్గా మేము ఎముకను చీల్చే చోటే ఉంటుంది. అది అక్కడ ఉంటే చీలిక పక్కదారి పట్టే అవకాశం పెరుగుతుంది. కనీసం ఆరు నెలల ముందు తీసేస్తే ఆ గుంత ఎముకతో నిండుతుంది. నీకు ఎలాగూ రెండో సెఫ్ దాకా, ఆ తర్వాత క్లిప్పుల కాలం కూడా ఉంది కాబట్టి తొందరేమీ లేదు, సెమిస్టర్ సెలవుల్లో పెట్టుకో. తీసేముందు పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో నరానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూపించమని అడుగు. మరీ ఆనుకుని ఉంటే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీస్తారు.

రాజమండ్రి_అమ్మ

పాపకు నిన్న అంగిలి స్క్రూ బిగించారు. మాస్క్ వచ్చే వారం. రోజుకోసారి తాళంచెవి తిప్పాలన్నారు, ఈ ఉదయం తిప్పితే ముక్కు మొదట్లో ఒత్తినట్టుందని అంది. ఏమైనా అయిందా?

ఆర్థో_పీజీ

కాలేదమ్మా. అంగిలి మధ్య గీత విచ్చుకునేటప్పుడు ముక్కు మొదట్లో, కళ్ల మధ్య అలా ఒత్తినట్టు అనిపిస్తుంది, కొన్ని నిమిషాల్లో తగ్గాలి. కొన్ని రోజుల్లో పై ముందు పళ్ల మధ్య సందు పడుతుంది, అది చూసి కంగారు పడకండి, స్క్రూ పనిచేస్తోందని గుర్తు, మెల్లగా మూసుకుంటుంది. నొప్పి తగ్గకపోయినా, స్క్రూ తిప్పేటప్పుడు వదులుగా అనిపించినా, తిప్పడం ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. రాత్రి పడుకునేముందు తిప్పితే పిల్లలకు అంతగా తెలియదు.